సెగ ఇచ్చేదీ, సెగ తీసుకునేదీ



సున్నుండలకు మినుములు వేయించడం మీలో చాలామందికి చేతనైన పనే. మూకుడు కింద సన్నటి సెగ. గరిటె ఆగకూడదు. చాలాసేపు ఏమీ జరిగినట్టు ఉండదు. గింజ వేడెక్కుతుంది, అంతే. తర్వాత ఉన్నట్టుండి ఇల్లంతా కమ్మటి వాసన. అదే దించాల్సిన సమయం. ఇంకో రెండు నిమిషాలు ఏమరుపాటుగా ఉన్నామా, అదే గింజ కమురు కంపు కొడుతుంది.

గింజకీ సెగకీ మధ్య జరిగే ఈ వ్యవహారం గురించే ఇవాళ మాట్లాడుకుందాం. అయితే మినుములతో కాదు, బార్లీతో. మొలకెత్తించి, ఆరబెట్టిన బార్లీతో. దాన్నే మాల్ట్ అంటారు. బీరుకు ఆధారం అదే. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇంట్లో బీరు తయారు చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు ఈ మాల్ట్‌ను తమ వంటింటి ఓవెన్‌లో స్వయంగా వేయించుకుంటారు. అది ఎలా చేస్తారో చూద్దాం. అక్కడి నుంచి ఉగాండా దాకా వెళ్దాం. ఆఖరికి మన ఇళ్లలో పసిపిల్లలకు కాచే రాగి జావ దగ్గరికి వద్దాం.

మూడు చోట్లా ఉన్న సూత్రం ఒకటే. అది ముందే చెబుతాను, మధ్య మధ్యలో మళ్లీ గుర్తు చేస్తాను. సెగ గింజకు రుచినిస్తుంది. అదే సెగ గింజలోని ఒక శక్తిని తీసుకుపోతుంది. రుచి కావాలా, శక్తి కావాలా, రెండూ కావాలా? ఎంత వేయించాలో, ఎంత వేయించకుండా ఉంచాలో దాన్నిబట్టే ఉంటుంది.

ఇంకొక్క మాట ముందే చెప్పాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. ఇంట్లో తాగడానికైనా సరే. అందుకని బీరు భాగం ఇక్కడివారు తెలుసుకోవడానికి మాత్రమే. ఆ పనికి చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్న తెలుగువారికి అది చేతిపనిగానూ పనికొస్తుంది. రాగుల భాగం మాత్రం అందరిదీ.

సరే, గింజ ఎందుకు మొలకెత్తాలో ముందు చూద్దాం.

బార్లీ గింజ నిండా పిండి ఉంటుంది. నమిలి చూడండి, తీపి తెలియదు. బీరును పులియబెట్టేది ఈస్టు. ఈస్టుకు పిండి అరగదు. దానికి చక్కెర కావాలి. చక్కెర దొరికితేనే ఈస్టు దాన్ని ఆల్కహాలుగా మార్చగలదు. పిండి మాత్రం తనంతట తాను చక్కెర అయిపోదు.

గింజలోని పిండిని తాళం వేసిన గాదె అనుకోండి. ఆ గాదె ఎవరి కోసం? లోపల నిద్రపోతున్న పిల్ల మొక్క కోసం. గింజ నీళ్లలో నానగానే ఆ మొక్క మేలుకుంటుంది. దానికి తిండి కావాలి. అప్పుడు గింజే తనలో కొన్ని ఎంజైములను పుట్టిస్తుంది. గాదెకు తాళంచెవులు అవే. వాటిలో ముఖ్యమైనది అమైలేజ్. పిండిని విరగ్గొట్టి చక్కెరగా మార్చేది అదే. ఇంతకు ముందు గింజలోని శక్తి అన్నానే, అది ఈ తాళంచెవుల శక్తి. అమైలేజ్ శక్తి. ఆ మాట మనసులో ఉంచుకోండి.

మాల్ట్ తయారు చేసేవాళ్లు బార్లీని దాదాపు రెండు రోజులు నానబెడతారు. మధ్యమధ్యలో నీళ్లు వంచేసి గింజకు గాలి తగలనిస్తారు. తర్వాత చల్లటి గదిలో పరిచి నాలుగైదు రోజులు మొలకెత్తనిస్తారు. వేళ్లు ఒకదానికొకటి చిక్కుకోకుండా తిరగేస్తూ ఉంటారు. పొట్టు కింద మొలక గింజ పొడవులో ముప్పావు వంతు పాకిందనగానే ఆపేయాలి. ఆపకపోతే మొక్క ఆ గాదె మొత్తం తినేస్తుంది. మనకు మిగిలేది పొట్టు.

ఎలా ఆపుతారు? సెగతో. ఇక్కడే మొదటిసారి సెగ వస్తుంది. ఇక్కడ ఒక నేర్పు ఉంది. తడిగా ఉన్న గింజకు ఒక్కసారిగా ఎక్కువ సెగ తగిలితే ఎంజైములు చచ్చిపోతాయి. పొడిగా ఉన్న గింజలో అవే ఎంజైములు అంతకంటే ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. అందుకని మొదట వెచ్చటి గాలితో, యాభై అరవై డిగ్రీల దగ్గర, గింజను ఆరబెడతారు. అది బాగా పొడిబారాకే ఎనభై, ఎనభై అయిదు దాకా వేడి పెంచుతారు. ముందు ఆరబెట్టడం, ఆ తర్వాతే సెగ పెంచడం. ఈ వరుస తప్పకూడదు. రాగుల దగ్గర మళ్లీ ఇదే మాట వస్తుంది.

ఇలా తయారైనదాన్ని తెల్ల మాల్ట్ అందాం. చూడ్డానికి బార్లీ లాగే ఉంటుంది. నోట్లో వేసుకుంటే కరకరలాడుతుంది. కాస్త తీపి తెలుస్తుంది. తాళంచెవులన్నీ పదిలంగా ఉంటాయి. ఈనాడు ప్రపంచంలో చాలావరకు ఏ బార్లీ బీరు చూసినా అందులో ఎక్కువ భాగం మాల్ట్ ఇలాంటిదే.

మరి వేయించడం ఎందుకు? రుచి కోసం, వాసన కోసం, రంగు కోసం.

గింజను నూటపాతిక, నూటముప్పై డిగ్రీలు దాటించామంటే దానిలో కొత్త సంగతి మొదలవుతుంది. గింజలోని చక్కెరలు, మాంసకృత్తుల ముక్కలైన అమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి కలిసి కొత్త పదార్థాలు పుట్టుకొస్తాయి. గోధుమరంగు, కమ్మటి వాసన వాటివల్లే. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కామీ మయ్యార్ 1912లో దీని గురించి రాశారు. అందుకే దీన్ని మయ్యార్ చర్య అంటారు. దోసె అంచు ఎర్రబడటం, కాఫీ గింజ నల్లబడటం, వేరుశనగ వేగి కమ్మగా అవడం, అన్నింటిలోనూ దీని చెయ్యి ఉంది. మొలకెత్తిన గింజలో చక్కెరలూ అమైనో ఆమ్లాలూ ఎక్కువ కాబట్టి మామూలు బార్లీ కంటే మాల్ట్ వేగితే వాసన మరింత నిండుగా ఉంటుంది.

ఇప్పుడు ఓవెన్ దగ్గరికి వద్దాం. తెల్ల మాల్ట్‌ను పిండి పట్టించకుండా గింజగానే తీసుకోవాలి. వెడల్పాటి ట్రేలో పలచగా పరచాలి. వేలి మందం కంటే మందంగా ఉండకూడదు. మందంగా పోస్తే పైది మాడుతుంది, అడుగుది పచ్చిగా ఉంటుంది. పది నిమిషాలకోసారి కలపాలి. ఓవెన్ మీద ఉన్న అంకెను నమ్మకండి. లోపల వేరే ఉష్ణమాపకం ఒకటి పెట్టుకుంటే మంచిది. చాలా ఓవెన్లు ఒక అంకె చూపించి ఇంకో వేడిని ఇస్తాయి.

అంకెలు ఎక్కువ చెప్పను. రెండు గుర్తుంటే చాలు. మొదటిది, నూటముప్పై అయిదు డిగ్రీల దగ్గర గంటసేపు. ఇది దోరగా వేగడం. గింజ రంగు పెద్దగా మారదు. బాదం పలుకు లాంటి మెత్తటి వాసన వస్తుంది. రెండోది, నూటడెబ్భై అయిదు డిగ్రీలు. అక్కడ పావుగంటకే బాదం వాసన వచ్చేస్తుంది. అరగంటకు కాల్చిన రొట్టె వాసన. గంటయితే ఎర్రటి గోధుమరంగు, గట్టి వేపుడు రుచి. అంటే అదే వేడి దగ్గర కాలం పెరిగేకొద్దీ గింజ వేరు వేరు రుచుల్లోకి మారుతుంది. మనం ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది.

ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? పొట్టు రంగు చూసి మోసపోవద్దు. పొట్టు ఆలస్యంగా మారుతుంది. ఒక గింజ తీసి చాకుతో అడ్డంగా కోయండి. లోపల చూడండి. మొదట సున్నంలా తెల్లగా ఉంటుంది. తర్వాత మీగడ రంగు, ఆపైన లేత గోధుమ రంగు. పక్కన వేయించని గింజను కూడా కోసి పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. కావలసిన రంగు రావడానికి కాస్త ముందే ట్రే బయటికి తీసి, వేరే చల్లటి పళ్లెంలో పరచాలి. ట్రేలోనే వదిలేస్తే గింజ తన వేడితో తానే ఇంకా వేగుతూ ఉంటుంది. ఈ సంగతి మన వంటింట్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

రంగును కళ్లతో కొలవడం బీరు తయారీలో పాత సమస్యే. జోసెఫ్ లొవిబాండ్ అనే ఇంగ్లీషు బ్రూవరీ యజమాని 1880లలో దీని కోసం రంగు గాజు పలకలతో ఒక పరికరం చేశాడు. అమెరికాలో మాల్ట్ సంచుల మీద ఈనాటికీ ఆయన పేరుతోనే రంగు అంకెలు వేస్తారు.

వేయించాక మరో పని ఉంది. తొందరపడేవాళ్లు దీన్ని వదిలేస్తారు. అప్పుడే వేయించిన మాల్ట్‌ను అప్పటికప్పుడే వాడకూడదు. కాగితం సంచిలో పోసి రెండు వారాలు అలా ఉంచాలి. వేగినప్పుడు పుట్టిన వాసనల్లో కొన్ని ఘాటుగా, గొంతులో గీసుకున్నట్టుగా ఉంటాయి. అవి తేలికగా ఎగిరిపోయే రకం. రెండు వారాల్లో అవి పోతాయి, మెత్తటి వాసన మిగులుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో గాలి చొరకుండా మూస్తే అవి లోపలే ఉండిపోతాయి. కాగితం సంచి. రెండు వారాలు. అంతే.

ఇంకో పద్ధతి ఉంది, తడి వేపుడు. తెల్ల మాల్ట్‌ను గంటసేపు నీళ్లలో నానబెట్టి అప్పుడు ఓవెన్‌లో పెడతారు. మొదట అరవై అయిదు, డెబ్భై డిగ్రీల దగ్గర ఓ గంట ఉంచుతారు. ఇంత తక్కువ వేడి ఎందుకో చూడండి. ఎంజైములకు నచ్చే వేడి అది. లోపల తడి ఉంది, పిండి ఉంది, తాళంచెవి ఉంది. పొట్టు లోపలే పిండి కొంత చక్కెరగా మారుతుంది. ఆ తర్వాత వేడి పెంచితే ఆ చక్కెర పాకం పట్టినట్టు గట్టిపడి ఎర్రబడుతుంది. ఇలాంటి గింజ వేస్తే బీరులో తియ్యదనం, నిండుతనం వస్తాయి. పొడి వేపుడు వాసన రొట్టెను తలపిస్తే తడి వేపుడు వాసన బెల్లప్పాకాన్ని తలపిస్తుంది.

నల్లటి మాల్ట్‌ను మాత్రం ఇంట్లో ప్రయత్నించవద్దు. ఇది గట్టిగానే చెబుతున్నాను. దానికి రెండు వందల డిగ్రీలు దాటి ఇంకా పైకి వెళ్లాలి. ఆ వేడి దగ్గర గింజ పొగలు కక్కుతుంది. నిప్పంటుకునే ప్రమాదం ఉంది. కర్మాగారాల్లో తిరిగే పీపాల్లో వేయించి, సరైన క్షణంలో నీళ్లు చల్లి ఆపుతారు. వంటింట్లో ఆ ఏర్పాటు ఉండదు. నల్లది దుకాణంలో కొనుక్కోవడమే మంచిది. లేత వేపుడు, దోర వేపుడు మాత్రం ఇంట్లో వేయించిందే మేలని నా అభిప్రాయం. కొత్తగా వేగిన వాసన సంచిలో నెలలు నిలవ ఉంటే తగ్గిపోతుంది.

మరి ఇలా వేయించింది ఎంత వాడాలి? అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఇరవై లీటర్ల బీరుకు నాలుగైదు కిలోల మాల్ట్ కావాలనుకుంటే, వేయించింది అందులో పావుకిలో నుంచి అరకిలో. మిగతాదంతా వేయించని తెల్ల మాల్టే. ఎందుకు? వేయించిన గింజలో తాళంచెవులు చచ్చిపోయాయి. దాని పిండిని చక్కెరగా మార్చేది పక్కనున్న వేయించని గింజలోని ఎంజైములే. మొత్తం ఎర్రగా వేయించేస్తే కమ్మటి గంజి వస్తుంది. బీరు రాదు.

మళ్లీ అంటున్నాను. సెగ రుచినిచ్చింది. శక్తిని తీసుకుంది. అందుకని కొంతే వేయించాలి.

ఈ సంగతి ఇంగ్లండుకు బోధపడటానికి చాలా కాలం పట్టింది. ఆ కథ చెప్పుకోదగ్గది.

పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ నగరం తాగింది పోర్టర్ అనే నల్లటి బీరు. వీధుల్లో, రేవుల్లో బరువులు మోసే కూలీలకు ఇష్టమైనది కాబట్టి ఆ పేరు వచ్చింది. దానికి కావలసిన గోధుమరంగు మాల్ట్ లండన్‌కు ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని వేర్ అనే ఊళ్లో తయారయ్యేది. అక్కడి నుంచి లీ నది మీద పడవల్లో లండన్ చేరేది. వేర్‌లో ఆ మాల్ట్‌ను కట్టెల మంట మీద వేయించేవాళ్లు. చివర్లో మంట ఒక్కసారిగా ఎగదోసేవాళ్లు. గింజ పేలాల్లా ఉబ్బేది. కట్టెల పొగ వాసన పట్టేది. వేయించేది కొంత కాదు, మొత్తం. బీరు అయ్యేంత శక్తి మాత్రం ఎలాగో మిగిలేది.

1784లో జాన్ రిచర్డ్‌సన్ అనే బీరు తయారీదారు ఒక పుస్తకం వేశాడు. ద్రవంలో ఎంత సారం దిగిందో కొలిచే తేలే పరికరాన్ని బీరు తయారీలో ఎలా వాడాలో అందులో చెప్పాడు. బీరు తయారీదారులు దాన్ని ముంచి కొలవడం మొదలుపెట్టారు. కొలిస్తే ఏం తేలింది? గోధుమరంగు మాల్ట్ చవకే. కానీ అది తెల్ల మాల్ట్ ఇచ్చినంత సారం ఇవ్వడం లేదు. లెక్క వేసుకుంటే ఖరీదైన తెల్ల మాల్టే లాభం. అన్నేళ్లూ సెగ ఎంత తీసుకుపోతోందో ఎవరి కంటా పడలేదు. కొలిచాకే కనబడింది.

అందరూ తెల్ల మాల్ట్ వైపు తిరిగారు. ఇప్పుడు కొత్త చిక్కు. పోర్టర్ నల్లగా ఉండాలి కదా! తెల్ల మాల్ట్‌తో చేస్తే రంగు రాదు. మాడ్చిన చక్కెర కలిపారు. కొందరు ఇంకా ఏవేవో కలిపారు. బీరులో మాల్ట్, చేదు కోసం వేసే హాప్స్ పూలు తప్ప మరేదీ కలపకూడదని 1816లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ మరుసటి ఏడే, 1817లో, డేనియల్ వీలర్ అనే ఆయన ఒక యంత్రానికి పేటెంటు పొందాడు. కాఫీ గింజలు వేయించే తిరుగుడు పీపా లాంటిది. అందులో మాల్ట్ బొగ్గులా నల్లబడేదాకా సమంగా వేగుతుంది. ఆ నల్ల మాల్ట్ కొద్దిపాటి వేస్తే చాలు, పీపాడు బీరు నల్లబడుతుంది. మిగతాదంతా తెల్ల మాల్ట్ వేసుకోవచ్చు. చట్టానికీ అడ్డు లేదు, అది కూడా మాల్టే కాబట్టి. ఈనాటికీ నల్ల మాల్ట్‌ను ఇంగ్లీషువాళ్లు పేటెంట్ మాల్ట్ అనే అంటారు.

ఇంట్లో బీరు తయారు చేసుకునే హక్కు అక్కడ కూడా ఎప్పుడూ ఉన్నది కాదు. ఇంగ్లండులో 1880 నుంచి దానికి లైసెన్సు కావలసి వచ్చేది. 1963లో ఆ నిబంధన తీసేశారు. అమెరికాలో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978లో సంతకం చేసిన చట్టంతో అనుమతి వచ్చింది. రాష్ట్రాల్లో చివరగా ఒప్పుకున్న మిసిసిపీ, అలబామా 2013 దాకా ఆగాయి.

ఇప్పుడు ఉగాండా వెళ్దాం. అక్కడ మన గింజే ఉంది కాబట్టి.

ఉత్తరాంధ్రలో చోళ్లు అంటారు, తెలంగాణలో తైదలు అంటారు, సీమలో రాగులు అంటారు. ఆ పంట పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. ఇథియోపియా నుంచి ఉగాండా దాకా ఉన్న ఎత్తయిన ప్రాంతాలు. వేల ఏళ్ల కిందట అక్కడి నుంచి మన దేశం చేరింది. పుట్టింట్లో ఆ గింజతో ఈనాటికీ బీరు చేస్తారు. ఉగాండా తూర్పున ఉండే ఇటెసో జనం దాన్ని అజోన్ అంటారు. చేసేది ఆడవాళ్లు.

వాళ్లు రాగుల్ని రెండు భాగాలు చేస్తారు. ఒక భాగాన్ని పిండి పట్టించి, నీళ్లతో ముద్దగా కలిపి వారం రోజులు పులియబెడతారు. ఆ పులిసిన ముద్దను పెద్ద రేకు మీద వేసి కింద మంట పెట్టి వేయిస్తారు. గోధుమరంగు పొడిపొడి అయ్యేదాకా కలుపుతూనే ఉంటారు. తర్వాత ఎండలో ఆరబెడతారు. అది చాలాకాలం నిలవ ఉంటుంది. రెండో భాగాన్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండలోనే ఆరబెట్టి పిండి చేస్తారు. దానికి నిప్పు సెగ తగలనివ్వరు.

బీరు కావలసినప్పుడు వేయించిన పొడిలో నీళ్లు పోసి, ఈ మొలకల పిండి కలుపుతారు. కొద్ది రోజుల్లో పులుస్తుంది. పెద్ద కుండలో పోసి వేడినీళ్లు కలిపి, చుట్టూ కూర్చుని పొడవాటి గొట్టాలతో అందరూ ఒకే కుండలోంచి తాగుతారు.

గమనించారా? వేయించిన భాగం నుంచి రుచి, రంగు. వేయించని భాగం నుంచి శక్తి. వీలర్ యంత్రంతో లండన్ సాధించిన విభజనే ఇక్కడ ఒక రేకు, ఒక మంట, కాస్త ఎండతో జరుగుతోంది. ఉష్ణమాపకం లేదు, ఎంజైము అన్న మాట లేదు. ఆ ఆడవాళ్ల చేతుల్లో ఉన్న ఈ జ్ఞానం నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. ఏది వేయించాలో తెలియడం ఒక ఎత్తు. ఏది వేయించకూడదో తెలియడం అంతకంటే పెద్ద ఎత్తు.

ఇక మన ఇంటికి వద్దాం. రాగి మాల్ట్.

పసిబిడ్డకు ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు మెత్తటి ఆహారం మొదలుపెడతాం. చాలా ఇళ్లలో అది రాగి జావే. అమ్మమ్మలు, నాయనమ్మలు రాగులు నానబెట్టి, మూటగట్టి, మొలకలు వచ్చాక ఎండబెడతారు. ఇంతవరకూ చక్కగా జరుగుతుంది. ఆ తర్వాత చాలామంది ఏం చేస్తారు? బాణలిలో వేసి కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తారు. అప్పుడు పిండి పట్టిస్తారు.

వేయించడం తప్పని నేను అనను. వాసన బాగుంటుంది, పిండి నిలవ ఉంటుంది, బిడ్డ ఇష్టంగా తింటుంది. కానీ మీకు తెలిసిపోయే ఉంటుంది. మూడు రోజులు కష్టపడి మొలకలో పుట్టించిన తాళంచెవుల్ని మూడు నిమిషాల్లో బాణలిలో మాడ్చేశాం.

దానివల్ల నష్టం ఏమిటి? జావ చిక్కబడిపోతుంది. చిక్కటి జావ బిడ్డ మింగలేదు. అప్పుడు తల్లి నీళ్లు పోస్తుంది. జావ పలచబడుతుంది, బిడ్డ తాగుతుంది. కానీ ఆ గిన్నెలో ఇప్పుడు ఎక్కువ నీళ్లు, తక్కువ పిండి. బిడ్డ కడుపు చిన్నది. అంత చిన్న కడుపు నీళ్లతో నిండిపోతే ఒంటికి పట్టేది ఎంత?

అమైలేజ్ ఈ చిక్కు విప్పుతుంది. చిక్కటి జావలో వేయించని మొలకల పిండి కొద్దిగా కలిపితే, అందులోని అమైలేజ్ పిండిని తుంచి పలచబరుస్తుంది. నీళ్లు పోయకుండానే జావ జారుగా అవుతుంది. అంటే అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టించవచ్చు, బిడ్డ సులువుగా మింగగలదు. మన దేశంలో దీని మీద మంచి పరిశోధన జరిగింది. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో మల్లేషి, దేశికాచార్ రాగుల మాల్ట్ మీద పనిచేశారు. చిరుధాన్యాల్లో రాగులు అమైలేజ్‌కు బాగా అనువైనవి. బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ 1980లలో ఇలాంటి మొలకల పిండిని కొద్దిగా కలిపి పిల్లల జావను పలచబరచడం మీద కృషి చేశారు.

మీ వంటింట్లోనే పరీక్షించి చూడవచ్చు. రాగిపిండితో గరిటె నిలబడేంత చిక్కటి జావ కాచండి. రెండు గిన్నెల్లో పోయండి. వేలు పెడితే చురుక్కుమనేంత వేడికి చల్లారనివ్వండి. ఒక గిన్నెలో వేయించిన మొలకల పిండి ఒక చెంచా, రెండో గిన్నెలో వేయించని మొలకల పిండి ఒక చెంచా కలపండి. కాసేపు కలుపుతూ ఉండండి. మొదటి గిన్నె అలాగే ఉంటుంది. రెండో గిన్నెలో జావ మీ కళ్ల ముందే జారుడుగా మారుతుంది. చూడనివాళ్లకు నమ్మశక్యం కాదు.

మరుగుతున్న జావలో వేస్తే ఈ పని జరగదు. ఆ వేడికి ఎంజైము వెంటనే చచ్చిపోతుంది. కొంచెం చల్లారాక వేయాలి. పలచబడ్డాక గిన్నెను మళ్లీ పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానివ్వాలి. ఇది మర్చిపోవద్దు. మొలకలు తడిలో పుడతాయి, తడిలో సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి. అందుకని వేయించని పిండి వేసిన జావను పిల్లలకు పెట్టేముందు తప్పకుండా మరిగించాలి. మొలకలు కడుతున్నప్పుడే బూజు కనిపించినా, ముక్క వాసన వచ్చినా ఆ గింజలు పారేయాలి.

మరో మాట. బజారులోనూ హోటళ్లలోనూ ఉత్త రాగిపిండి, పాలు, బెల్లం కలిపిన జావను కూడా రాగి మాల్ట్ అనే అమ్ముతారు. అది మంచి ఆహారమే. కానీ అందులో మొలక లేకపోతే నేను చెప్పిన శక్తి ఉండదు. కొనేముందు పొట్లం మీద మొలకెత్తించిన రాగులు అని ఉందో లేదో చదవండి.

అంగన్‌వాడీ కేంద్రాల్లో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లకు, ఇళ్లలో పసిపిల్లలున్న తల్లులకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నా మనవి ఒకటే. మీరు ఎప్పటిలాగే రాగులు మొలకెత్తించండి. పలచగా పరిచి గలగలలాడేదాకా ఆరబెట్టండి. ఎక్కువ భాగాన్ని మీ అలవాటు ప్రకారం కమ్మగా వేయించుకోండి. రెండు గుప్పిళ్లు మాత్రం బాణలిలో వేయకుండా పక్కకు తీయండి. ఎండిన వేళ్లు నలిపి చెరిగేసి, ఆ కొద్దిపాటి గింజల్ని ఇంట్లోనే మిక్సీలో, వేడెక్కకుండా ఆపి ఆపి పిండి పట్టండి. తడి తగలని చిన్న సీసాలో విడిగా పోసి, మీద పేరు రాసి ఉంచండి. గిన్నెడు జావ దించి కాస్త చల్లారాక అందులోంచి ఒక చిన్న చెంచాడు కలపండి, పలచబడ్డాక మళ్లీ మరగనివ్వండి, గోరువెచ్చగా అయ్యాక బిడ్డకు పెట్టండి. మీ పక్కింటి పసిబిడ్డ తల్లికి కూడా ఈ పద్ధతి చూపించండి.